మేస్త్రి నోటుబుక్కులో మిల్లు

చెరకు మిల్లు రోలర్ షాఫ్టు కొసన, బేరింగు దాటి బయటికి కనిపించే గుండ్రటి ముఖం మీద, పంచితో కొట్టిన అంకెలుంటాయి. గ్రీజూ మడ్డీ తుడిచి సుద్దముక్కతో రుద్దితే గాని కనపడవు. ఆ షాఫ్టు ఏ ఏడు వచ్చింది, ఎన్నోసారి దాని మీద కొత్త షెల్లు ఎక్కించారు అన్నది చదవడం తెలిసినవాడికి అక్కడే తెలిసిపోతుంది. నాకు చదవడం నేర్పింది మా మిల్లు హౌస్ మేస్త్రి.

నేను అనకాపల్లి దగ్గర ఒక సహకార చక్కెర మిల్లు స్టోర్సులో గుమస్తాగా చేరాను. ఆ తరవాత పరవాడ, అచ్యుతాపురం వైపు కొత్త ప్లాంట్లు లేచాక, వాటి మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్‌లోకి యంత్రాల వివరాలు ఎక్కించే పనిలోకి మారి అందులోనే రిటైరయ్యాను. కాగితం మారింది, తెర వచ్చింది, పని మాత్రం ఒకటే: ఈ యంత్రంలో ఏమేం ఉన్నాయి, ఏది దేని కింద వస్తుంది, ఒక్కోటి ఎన్ని, దేనికి ఏ నంబరు అని రాసిపెట్టడం. దీన్నిప్పుడు పార్ట్ స్ట్రక్చర్ టెంప్లేట్ అంటున్నారు. ఒకే రకం యంత్రాలు పది ఉంటే పదిసార్లు రాయకుండా ఒక్కసారి అచ్చు తయారు చేసుకుని అన్నింటికీ వాడుకుంటారు. కుర్ర ఇంజినీర్లు ఇదంతా కంప్యూటరుతో పుట్టిందనుకుంటారు. మా ఊళ్లో దీని కథ అంతకంటే పాతది.

అనకాపల్లి అంటే బెల్లం. మిల్లులు రాకముందు నుంచీ శారదా నది పొడుగునా రైతులు గానుగాడి బెల్లం వండుకున్నారు. కర్ర గానుగకి స్పేరు పార్టు అనేది ఉండదు, వడ్రంగి ఉంటాడు. విరిగిన ముక్కని చూసి అలాంటిదే మరోటి చెక్కి బిగిస్తాడు. పక్క ఊరి గానుగకి అది పట్టదు, పట్టాల్సిన పనీ లేదు. ఇనుప గానుగ వచ్చాకే ఈ సంగతి మారింది. 1870ల్లో బీహార్‌లోని బీహియా అనే చోట థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు తెల్ల జమీందార్లు ఎద్దులు తిప్పే ఇనుప రోలర్ల మిల్లు తయారు చేసి, కొనలేని రైతులకి అద్దెకిచ్చారు. అద్దెకిచ్చేవాడికి అన్ని మిల్లులూ ఒకే కొలతన ఉండాలి. ఒకదాని పళ్లచక్రం అరిగితే గోదాములోంచి ఇంకోటి తీసి బిగించాలి. భాగానికి సొంత పేరు, సొంత లెక్క ఉండాల్సిన అవసరం అక్కడ మొదలైందని నా నమ్మకం.

తరవాతి చరిత్ర చాలామందికి తెలిసిందే గనక క్లుప్తంగా చెబుతాను. 1913లో అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం వచ్చింది. 1932లో విదేశీ చక్కెర మీద రక్షణ సుంకం చట్టం వచ్చాక దేశంలో ముప్పై చిల్లర ఉన్న మిల్లులు నాలుగైదేళ్లలోనే 130 దాటాయి. ఆ ఊపులోనే 1933లో ఏటికొప్పాకలో రైతుల సహకార సంఘం పుట్టింది. తరవాత తుమ్మపాల, ఆపైన చోడవరం దగ్గర గోవాడ, పాయకరావుపేట వైపు తాండవ. 1930ల్లో దేశంలోకి వచ్చిన చక్కెర యంత్రాలు చాలామటుకు గ్లాస్గో నుంచో, హాలండ్ నుంచో ఓడలెక్కి వచ్చినవే. వాటి బోల్టులు అంగుళాల లెక్క, విట్‌వర్త్ అనే బ్రిటిష్ మర. 1950ల్లో వెలగపూడి రామకృష్ణ గారి కేసీపీ మద్రాసు తిరువొత్తియూరులో చక్కెర యంత్రాలు చేయడం మొదలుపెట్టింది. 1956 తూనికలు కొలతల చట్టంతో మిల్లీమీటర్లు వచ్చాయి. దాంతో పాత మిల్లు ఉన్న ప్రతి స్టోర్సులోనూ రెండు రకాల బోల్టుల అరలు తయారయ్యాయి. ఒకదాని కోసం ఇంకోదాంట్లో చెయ్యి పెట్టినవాడి తిట్లు నేను చాలా విన్నాను.

క్రషింగు నవంబరు ఆఖరునో డిసెంబరులోనో మొదలై, కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర వచ్చేసరికి ముగింపుకొచ్చేది. సీజన్లో మిల్లు ఆగకూడదు. కోసిన చెరకు ఒక్క రోజు దాటితే పంచదార పడిపోతుంది, బయట బళ్లు బారులు తీరి ఉంటాయి. అందుకని అసలు మరమ్మతంతా ఎండాకాలం నుంచి వానాకాలం దాకా, ఆఫ్ సీజన్లోనే. మా నోట అది ‘ఓవరాయిలింగు’. ఫ్యాక్టరీలో వరసగా ఉండే రోలర్ల సెట్లు ఒక్కోదాన్నీ మిల్లు అనే అంటాం. అలాంటి ప్రతి మిల్లునీ పునాది దాకా విప్పి, అరిగింది మార్చి, మళ్లీ కట్టడం.

ఈ విప్పుడుకి మేస్త్రి దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. స్కూలు పిల్లలు వాడే రూళ్ల పుస్తకం, అట్టకి నూనె పట్టి నల్లబడింది. ఒక్కో మిల్లుకి రెండు పేజీలు. పైనుంచి కిందికి: హైడ్రాలిక్ సిలిండర్లు, పై క్యాపులు, క్రౌన్ పినియన్లు, టాప్ రోలర్, దాని స్క్రేపరు, పక్క క్యాపులు, ఫీడ్ రోలర్, డిశ్చార్జ్ రోలర్, ట్రాష్ ప్లేటు, దాన్ని మోసే బీమ్. ఒక్కో పేరు కింద కాస్త లోపలికి జరిపి దానిలోని భాగాలు: బేరింగు ఇత్తళ్లు, లైనర్లు, నూనె గొట్టాలు. పక్కన గీతలు గీసిన సంఖ్యలు. అది విప్పే క్రమం. క్రేను కొక్కెం ముందు దేన్ని పైకి లేపితే తరవాత ఏది బయటపడుతుందో ఆ వరస.

నా లెడ్జర్ వరస వేరు. బేరింగులన్నీ ఒక గుంపు, గొలుసులన్నీ ఒక గుంపు, ప్యాకింగులు, బెల్టులు, బోల్టులు, నూనెలు. స్టోర్సుకి వస్తువు ఏ జాతిది, ఏ అరలో ఉంది అన్నదే ముఖ్యం, ఏ యంత్రంలో దూరుతుందన్నది కాదు. చేరిన కొత్తలో అత్యుత్సాహంతో ఆఫ్ సీజన్ స్పేర్ల జాబితా నా లెడ్జర్ ప్రకారం అందంగా టైపు చేయించి మేస్త్రి చేతికిచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు:

“గుమస్తా బాబూ, ఈ కాయితం చూసి మిల్లు విప్పితే ముందు బోల్టులన్నీ తియ్యాలి, ఆనక బేరింగులన్నీ లాగాలి, ఆనక గొలుసులన్నీ కుప్పెయ్యాలి. ఎక్కడైనా అలాగ విప్పుతారేటి?”

మూడో వరస డ్రాయింగులది. యంత్రం చేసినవాళ్లు పంపిన నీలం కాగితాల మీద ప్రతి భాగానికీ గీత లాగి సున్న చుట్టి ఒక నంబరు వేసి ఉంటుంది. అది కట్టే క్రమం. ఫౌండ్రీలో ఏది పోత పోశారు, లేత్ మీద ఏది కోశారు, ఏది బయట కొన్నారు అన్నదాన్ని బట్టి వచ్చిన వరస.

ఒకే వస్తువు ఈ మూడింటిలో ఎలా కనపడేదో చెబుతాను. టాప్ రోలర్ బేరింగులో గన్‌మెటల్ లైనరు ఉంటుంది. మేస్త్రి పుస్తకంలో అది ‘టాపు ఇత్తళ్లు – 2’. డ్రాయింగులో ఒక అసెంబ్లీ నంబరు, దాని కింద ఐటమ్ నంబరు. నా లెడ్జర్లో అది నాన్‌ఫెర్రస్ గుంపులో, కిలోల్లో. ఎందుకంటే రాగి కలిసిన లోహం, దొంగతనాల భయం. తాళం వేసిన గదిలో ఉంటుంది, అరిగిన పాతది తిరిగి తూకం వేసి జమ కట్టుకుని మళ్లీ పోతకి పంపుతాం. మేస్త్రి రెండు అడుగుతాడు, నేను నలభై చిల్లర కిలోలు ఇచ్చినట్టు రాసుకుంటాను. ఆడిటర్ వచ్చినప్పుడల్లా ఈ రెంటినీ కలపలేక తల పట్టుకునేవాడు. ముప్పై ఏళ్ల తరవాత కంప్యూటర్ ముందు కూర్చుంటే టెంప్లేట్ గడిలో ‘పరిమాణం’ పక్కన ‘యూనిట్’ అని ఇంకో గడి కనపడింది. ఆ గడిని నేను మొట్టమొదట నింపినంత జాగ్రత్తగా ఇంకే గడినీ నింపలేదు.

ఇప్పుడు కంప్యూటర్ల సంగతి. భాగాల చెట్టు అంటే పైన యంత్రం, కింద అసెంబ్లీ, దాని కింద ముక్కలు. దీన్ని కంప్యూటరుకి ఎక్కించాలన్న తాపత్రయం 1960ల్లో అమెరికాలో బలంగా వచ్చింది. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన అపోలో కార్యక్రమంలో లక్షల కొద్దీ భాగాల జాబితా నిభాయించడానికి ఐబీఎం, రాక్‌వెల్, క్యాటర్‌పిల్లర్ కంపెనీల మనుషులు కలిసి 1966లో పని మొదలుపెట్టారు. 1968లో అది నడిచింది. ఐఎంఎస్ అని పేరు. డేటాబేసు చరిత్ర పుస్తకాల్లో దీన్ని పెద్ద మలుపుగా చెబుతారు. నా దృష్టిలో మాత్రం ఇందులో గమనించాల్సింది ఇంకోటి. ఆ చెట్టు కట్టేవాళ్ల కోసం పుట్టింది. రాకెట్టు ఒకసారి కట్టి పంపేస్తారు, ఏటేటా ఆఫ్ సీజన్లో విప్పరు.

మరమ్మతు చేసేవాళ్ల సాఫ్ట్‌వేర్ ఆలస్యంగా వచ్చింది. 1968లో అమెరికాలో పెట్టిన పీఎస్‌డీఐ అనే కంపెనీ 1985లో మాక్సిమో తెచ్చింది. ఆ కంపెనీని 2006లో ఐబీఎం కొనేసింది. స్వీడన్‌లో 1983లో మొదలైన ఐఎఫ్ఎస్ గురించి ఒక ముచ్చట చెబుతారు: ఆ కుర్రాళ్లు తమ తొలి ఖాతాదారు అయిన అణు విద్యుత్ కేంద్రం గేటు బయట గుడారం వేసుకుని పని చేశారట. ఎంత నిజమో గాని నాకు నచ్చిన కథ. మరమ్మతు సాఫ్ట్‌వేర్ రాయాలంటే గేటు దగ్గరే కూర్చోవాలి. ఇక జర్మనీ వాళ్ల సాప్ మొదట లెక్కలూ స్టోర్సూ చూసుకుని, తరవాత మెయింటెనెన్సు కలుపుకుంది. ఇన్ని వచ్చినా, ప్లాంటు కట్టేటప్పుడు చేతికందే జాబితా ఎప్పుడూ యంత్రం అమ్మినవాడిదే. దాన్నే యథాతథంగా టెంప్లేట్‌గా ఎక్కించేస్తారు. అంటే డ్రాయింగు వరస గెలిచింది, మేస్త్రి వరస ఓడింది. నా ఉద్యోగంలో సగం ఈ తీర్పు తిరగదోడటానికే సరిపోయింది.

రోలర్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే చక్కెర మిల్లు నేర్పిన ఇంకో పాఠం ఏ సాఫ్ట్‌వేర్ పుస్తకంలోనూ అంత స్పష్టంగా చూడలేదు. రోలర్ అంటే రెండు ముక్కలు: లోపల ఉక్కు షాఫ్టు, పైన పోత ఇనుప షెల్లు. షెల్లుని వేడి చేసి వ్యాకోచింపజేసి షాఫ్టు మీదికి ఎక్కిస్తారు, చల్లారాక అది పట్టేసుకుంటుంది. మొత్తం ఏడెనిమిది టన్నులు, పెద్ద మిల్లయితే ఇంకా ఎక్కువ. షెల్లు మీద వీ ఆకారంలో గాళ్లు కోసి ఉంటాయి. పోత ఇనుము గరుకుగా, పెద్ద రవ్వతో ఉండాలి, నున్నగా ఉంటే చెరకుని పట్టుకోలేక జారిపోతుంది. రసంలోని పులుపూ, చెరకుతో వచ్చే ఇసుకా కలిసి సీజను పొడుగునా దాన్ని తింటాయి. సీజను మధ్యలో నున్నబడితే తిరుగుతున్న రోలర్ మీదే వెల్డింగు రాడ్డుతో చుక్కలు పెట్టి గరుకు చేస్తారు. ఒంగి నిలబడి, కింద చెరకు నలుగుతుంటే, నిప్పురవ్వల మధ్య చేసే ఆ పని చూడటానికే భయమేసేది.

ఆఫ్ సీజన్లో లేత్ మీద గాళ్లు తిరగకోస్తే రోలర్ వ్యాసం తగ్గుతుంది. తగ్గినదాన్ని ఉన్నచోటే పెట్టరు. వ్యాసాలు కుదిరే జత చూసుకుని మూడో మిల్లు టాప్ రోలర్‌ని రెండో మిల్లుకి, ఫీడ్ రోలర్‌గా ఉన్నదాన్ని ఇంకో చోటికి మారుస్తారు. మరీ చిక్కిపోయాక షెల్లు పగలగొట్టి అదే షాఫ్టు మీద కొత్తది ఎక్కిస్తారు. ఇప్పుడు ‘మూడో మిల్లు టాప్ రోలర్’ అంటే ఏది? ఆ చోటా, ఆ చోటులో ఇవాళ ఉన్న ఇనుమా? షాఫ్టుకి సన్న పగులు వచ్చిందని పోయినేడు ఎవరో రాస్తే, ఆ రాత ఈ ఏడు ఎవరి వెంట వెళ్లాలి? మేస్త్రి దీనికి సులువైన జవాబు కనిపెట్టాడు. పేజీలో చోటు పేరు సిరాతో రాసేవాడు, పక్కన షాఫ్టు నంబరు పెన్సిలుతో. ఏటా పెన్సిలు చెరిపి కొత్తది వేసేవాడు. షాఫ్టు చరిత్రకి వెనక పేజీల్లో వేరే పద్దు.

మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్లలో చోటుకి ‘ఫంక్షనల్ లొకేషన్’ ఒకటి, అందులోని యంత్రానికి ‘ఎక్విప్‌మెంట్’ ఒకటి అని రెండు వేరువేరుగా ఉండేది ఇందుకే. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో వాడే జర్మన్ల కేకేఎస్ నంబర్లు కూడా చోటుకే పేరు పెడతాయి. బాయిలరుకి నీళ్లు తోసే పంపు చోటుని ఎల్ఏసీ అనే మూడక్షరాలతో మొదలుపెట్టి, పంపు అనడానికి ఏపీ అని రాస్తారు. మన రాష్ట్రం పొట్టి పేరు ప్రతి పంపు మెడలోనూ వేలాడుతుంటే కుర్రాళ్లు నవ్వుకునేవాళ్లు. పంపు వర్క్‌షాపుకి పోయినా ఆ పలక గద్దె మీదే ఉంటుంది. దాని స్థానంలోకి వచ్చిన పంపుకి అదే పలక.

పరవాడలో ఎన్టీపీసీ సింహాద్రి విద్యుత్ కేంద్రం ఉంది. 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొదటి రెండూ 2002లో వచ్చాయి. అంత పెద్ద చోటు కాకపోయినా, ఏ కొత్త ప్లాంటులోనైనా ఒకే రకం పంపులు అరడజను, ఒకే రకం రియాక్టర్లు డజను ఉంటాయి. టెంప్లేట్ అక్కరకొచ్చేది ఇక్కడే, ముప్పు తెచ్చేదీ ఇక్కడే. ఒక ప్లాంటులో (పేరెందుకు) ఒకే రకం నీటి పంపులు ఆరు ఉండేవి, గ్లాండు ప్యాకింగు తాడు రకం. నీరు కారుతోందని ఒకదానికి ప్యాకింగు తీసి మెకానికల్ సీలు బిగించారు. కొత్తగా చేరిన పిల్లవాడు ఆ మార్పుని ఆ ఒక్క పంపు పేరు కింద రాయకుండా టెంప్లేట్ తెరిచి అందులో మార్చాడు. కంప్యూటర్ దృష్టిలో ఆరు పంపులకీ సీలే. ప్యాకింగు తాడు వాడేవాడెవడూ లేడు గనక స్టోర్సులో దాని కనీస నిల్వ సున్నాకి దిగింది, మళ్లీ ఆర్డరు వెళ్లలేదు. మూణ్నెల్లకి ఇంకో పంపు కారడం మొదలైతే అరలో తాడు లేదు, చేతినిండా పనికిరాని సీళ్లున్నాయి.

ఇక్కడ రెండు మార్గాలుంటాయి. యంత్రాన్ని నమోదు చేసేటప్పుడు టెంప్లేట్‌ని దాని పేరు మీద నకలు తీసేయడం ఒకటి. అప్పుడు ఎవరి మార్పు వాళ్లకే, కానీ తరవాత టెంప్లేట్‌లో దిద్దుబాటు చేస్తే నకళ్లకి తెలియదు. యంత్రం టెంప్లేట్ వైపు వేలు చూపించి ఊరుకోవడం రెండోది. దిద్దుబాటు అందరికీ చేరుతుంది, పొరపాటూ చేరుతుంది. నేను రెండో మార్గం వాడి, తేడా ఉన్న యంత్రానికి మాత్రం తేదీతో సహా సొంత గీత కలపమనేవాణ్ని. మేస్త్రి సిరా, పెన్సిలు పద్ధతే అది.

నంబర్ల విషయంలో మా ఊరు కొంత అదృష్టం చేసుకుంది. చెరకు పరిశోధన కేంద్రం ఇచ్చిన రకాల పేర్లు చూడండి. 87ఎ298, అంటే సంవత్సరం, అనకాపల్లి, మొక్క సంఖ్య. విశ్వామిత్ర అని పేరున్నా రైతులు నంబరుతోనే పిలుస్తారు. 93ఎ145కి మన నది పేరే పెట్టారు, శారద. బేరింగు నంబర్లూ ఇలా చదివితే చెప్పేవే. 6205లో చివరి రెండంకెల్ని అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, 22220 అయితే 100. ‘సిక్స్ టూ నాట్ ఫైవ్’ అంటే హార్డ్‌వేర్ కొట్టు కుర్రాడు వెనక్కి తిరక్కుండానే పెట్టె తీసిస్తాడు. అలాంటి వస్తువుకి కంపెనీ సొంతంగా ఎనిమిదంకెల కోడు వేసి, అసలు నంబరుని వివరణ గడిలో ఎక్కడో మూల పడేస్తే ఫిట్టరు వెతకలేడు. వెతకలేనివాడు కొత్త కోడు అడుగుతాడు. ఒకే బేరింగు మూడు కోడ్ల కింద మూడు అరల్లో పడి ఉండటం చూశాను. రైల్వే వాళ్ల ఎనిమిదంకెల పీఎల్ నంబరులో చివరి అంకె మిగతా ఏడూ సరిగ్గా రాశారో లేదో పట్టిచ్చే కాపలా అంకె. అంత ముందుచూపు మా లెడ్జర్లలో ఎప్పుడూ లేదు.

సహకార మిల్లులు ఒకటొకటిగా ఆగిపోయాయి. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ గానుగాడటం మానేశాయి. 2022లో అనకాపల్లి జిల్లా అయ్యేనాటికి ఇక్కడ ఉద్యోగమంటే ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్. మిల్లు ఆగితే రోలర్లు తుక్కు తూకానికి పోతాయి, షాఫ్టు నంబరు ఎవడూ చదవడు. చాలా నోటుబుక్కులు కూడా అలాగే పోయాయి. మా మేస్త్రి పుస్తకం మాత్రం నేను ఆఖరి రోజుల్లో అడిగి తీసుకుని మొత్తం ఎత్తి రాసుకున్నాను. ట్రాష్ ప్లేటు ఫార్మా ప్లాంటులో ఎవరికీ పనికిరాదు, ఆ వరస పనికొచ్చింది. గాజుపూత రియాక్టరుకి టెంప్లేట్ రాయాల్సొస్తే ముందు డ్రాయింగు పక్కన పెట్టి, ఫిట్టరుని పిలిచి ‘ముందు ఏది తీస్తావు’ అని అడిగేవాణ్ని. మోటారు, గేర్‌బాక్సు, సీలు, కలిపే తెడ్డు అని అతను చెప్పిన వరసే చెట్టు.

ఎంత లోతుకి వెళ్లాలన్న పేచీ మాత్రం ఇప్పటికీ తెగలేదు. విడిగా కొనని, విడిగా మార్చని దాన్ని చెట్టులో రాయక్కర్లేదు అన్నది నా వాదన. పంపు, దాని కింద రోటరు, దాని కింద స్లీవు, బేరింగులు, వేర్ రింగులు. అక్కడితో ఆపాలి. కేసింగుని ఎవరూ నిల్వ పెట్టరు, అయినా రాయాలి, ఎందుకంటే పగులు వస్తే ఆ కబురు రాసుకోవడానికి చోటు కావాలి. బోల్టులు వద్దు. ఒక్క కప్లింగు బోల్టులు తప్ప. వేగంగా తిరిగే కప్లింగులో బోల్టులు ఒకే బరువుకి తూచి జతచేసినవి, ఒకటి పోతే అన్నీ మార్చాలి. అందుకే టెంప్లేట్‌లో అవి ఒకే గీత, పరిమాణం 1, యూనిట్ ‘సెట్టు’. ‘నంబరు’ అని రాస్తే స్టోర్సువాడు ఒక్క బోల్టు ఇస్తాడు.